రెండు వరల లోతు

మల్కాపురం,
12-3-1984.

తమ్ముడు నీలకంఠానికి అప్ప గౌరీశ్వరి దీవెనలు.

నీ ఉత్తరం అందింది. భిలాయిలో చపాతీలు అట్టముక్కల్లా ఉంటున్నాయని రాశావు. స్టీల్ ప్లాంటు ఉద్యోగం కావాలని మొక్కుకున్నవాడివి, ట్రైనింగు అయ్యేదాకా అట్టముక్కలు తినవలసిందే. ఎవరైనా అటు వస్తుంటే గోంగూర పచ్చడి సీసా పంపుతాను. వచ్చేవాడు దారిలో నాకెయ్యకుండా ఉంటే నీ అదృష్టం.

ఇక్కడ వీధంతా నీ పేరే. వెళ్ళే ముందు నువ్వు దగ్గరుండి మా నుయ్యి ఇంకా లోతు తవ్వించి రెండు సిమెంటు వరలు దింపించావు కదా, ఇంత ఎండల్లోనూ నీళ్ళు నిండుగా ఉన్నాయి. పక్కింటి మంగాయమ్మ నుయ్యి అడుగు కనిపిస్తోంది. "మా తమ్ముడు డిప్లొమా చదివాడు" అని రోజుకొకసారైనా ఆవిడ చెవిన వెయ్యకపోతే నాకు అన్నం సయించడం లేదు. మీ బావ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోరు. "ఉన్న నుయ్యిని ఉన్నట్టు వదిలీవలసింది" అంటారు. పోర్టులో క్రేన్లు తిప్పే మనిషికి నూతుల సంగతి ఏం తెలుసు?

అసలు సంగతి రాస్తాను. దొడ్లో మల్లెపొదలకి ఏదో అయింది. ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడిపోతున్నాయి. మొగ్గలు గింజల్లా వచ్చి విచ్చకుండానే రాలిపోతున్నాయి. వంగమొక్కలు నువ్వు చూసినప్పుడు ఎంతున్నాయో ఇప్పుడూ అంతే. చిక్కుడు పాదు పసుపు పూసినట్టయింది. బచ్చలి ఒక్కటే నవ్వుతోంది.

నా బెంగ ఎందుకో నీకు తెలుసు. మన చేపల పోతమ్మ కూతురు నూకాలు పెళ్ళి వైశాఖంలో. జడకీ దండలకీ మల్లెలన్నీ మా దొడ్లోవే అని మాటిచ్చాను. ఎనిమిదేళ్ళ కిందట ఈ ఊరొచ్చిన కొత్తలో నాకు ఎవ్వరూ తెలియదు. పగలంతా వీధి గుమ్మంలో కూర్చుని ఏడ్చేదాన్ని. బుట్ట దించి నా పక్కన కూర్చుని "ఏటమ్మా, అలాగున్నావు?" అని అడిగిన మొదటి మనిషి పోతమ్మే. అప్పటినుంచీ ఆవిడ ఉప్పుచేపల కుండలు మా దొడ్డి మూలనే ఉంటాయి. సాయంత్రం నాతోపాటు మొగ్గలు కోసి మరీ ఇంటికి వెళ్తుంది. ఆవిడకిచ్చిన మాట పోతే నేను మొహం ఎక్కడ పెట్టుకోను?

నువ్వు ప్లాంటులో నీళ్ళ విభాగానికి ట్రైనింగు అవుతున్నవాడివి. ఏం వెయ్యాలో, ఏం మానాలో వెంటనే రాయి.

మీ అప్ప,
గౌరి


భిలాయి,
24-3-1984.

అప్పకీ బావకీ నమస్కారాలు.

నీ మొక్కల జబ్బు చదవగానే నాకు తెలిసిపోయింది. అది ఉప్పు. మొన్ననే మాకు క్లాసులో చెప్పారు. వేరు నీళ్ళు తాగాలంటే మట్టిలో నీళ్ళకంటే వేరులో ఉప్పు ఎక్కువుండాలి. మట్టిలో ఉప్పు పెరిగితే వేరు తాగలేదు సరికదా, ఉన్న నీళ్ళు కూడా వదులుకుంటుంది. ఉప్పులో వేసిన మామిడిపిందె ముడుచుకుపోదూ, అలాగన్నమాట. నువ్వు ఎంత పోసినా మొక్క దాహంతోనే ఉంటుంది. కొబ్బరి ఓర్చుకుంటుంది, బచ్చలి కొంత ఓర్చుకుంటుంది. మల్లె, చిక్కుడు ఓర్చుకోలేవు. ముదురాకుల అంచులు ముందు మాడతాయి, తరవాత ఎదుగుదల ఆగుతుంది, ఆఖరికి పూత పోతుంది.

ఎక్కడినుంచో ఉప్పు పడుతూ ఉండాలి. దొడ్లోకి ఉప్పు ఎలా వస్తోందో చూడు. పోతమ్మ ఆ కుండలు ఎక్కడ కడుగుతుంది? అందులో ఊరిన నీళ్ళు ఎక్కడ పారబోస్తుంది? ఊరికే అడిగాను, ఆవిడని ఏమీ అనకు. మట్టిలో ఉప్పు కడిగెయ్యాలంటే నీళ్ళు బాగా ఎక్కువగా పెట్టాలి.

ఇక్కడ ఎండ మనవైపు ఎండ కాదు. చెమట కూడా పట్టదు, అలా వేగిపోవడమే. బావ నుయ్యి గురించి ఇంకా ఏమైనా అంటున్నారా?

నీ తమ్ముడు,
నీలకంఠం


మల్కాపురం,
6-4-1984.

చిరంజీవి నీలకంఠానికి,

నువ్వు చెప్పినట్టే మడికి రెండేసి బిందెలు అదనంగా పోశాను. చేంతాడు లాగి లాగి నా అరచేతులు కాయలు కాశాయి. మొక్కలు ఇంకా దిగజారాయి! మట్టి ఆరితే పైన తెల్లగా పేరుకుంటోంది. మంగాయమ్మ వేలు తడిచేసి అద్ది నోట్లో పెట్టుకుని, "ఉప్పేనే గౌరీ, నీ తమ్ముడు పరాయి ఊర్లో కూకుని ఎంత బాగా సెప్పినాడే" అంది. నాకు ఒక పక్క గర్వం, ఒక పక్క ఏడుపు.

ఇల్లంతా ఈమధ్య అలాగే ఉంది. మీ బావ ఏదో కొత్త సబ్బు తెచ్చారు, ఎంత రుద్దినా నురగ రాదు. బట్టలు ఆరితే గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంటున్నాయి. షాపువాడితో దెబ్బలాడి ఇంకో రకం తెచ్చారు, అదీ అంతే. అన్నిట్లోనూ కల్తీయే.

నువ్వు రాశాక పోతమ్మ కుండల వైపు వెళ్ళి చూశాను. అక్కడ నేల చెమ్మగానే ఉంది. తెల్లగా కూడా ఉంది. ఆ మూలకీ మల్లెపొదలకీ పది అడుగులుంటుంది. ఆవిడతో "పోతమ్మా, కుండల్లో నీళ్ళు ఎక్కడ ఒంపుతున్నావు?" అన్నాను. "ఈది కాలవలోనమ్మా, ఎప్పుడూ ఒంపిన కాడే" అంది. అని నూతి వైపు చూసింది, నా వైపు చూసింది, తల దించుకుంది. ఎనిమిదేళ్ళలో ఆవిడ నా ముందు తల దించుకోవడం చూడలేదు. 

నిన్ను అడిగి ఒక మాట తేల్చుకోవాలి. పది అడుగుల దూరం నుంచి ఉప్పు వేళ్ళదాకా వస్తుందా?

గౌరి


భిలాయి,
18-4-1984.

అప్పకి నమస్కారం.

నీ ఉత్తరం వచ్చి వారమైంది. డ్యూటీలు మారాయి, అందుకని ఆలస్యం. ఇక్కడ మనవాళ్ళు పదిమంది దాకా ఉన్నాం. ఒకడు గాజువాకవాడు, కన్నబాబు అని, పొద్దస్తమానం చేపల పులుసు గురించే మాట్లాడతాడు. వాడి పుణ్యమా అని ఎవరికీ మెస్సులో అన్నం దిగదు.

పది అడుగుల సంగతి అడిగావు. రావచ్చు, రాకపోనూవచ్చు. నేల వాలుని బట్టి ఉంటుంది. ఇక్కడ కూర్చుని ఖచ్చితంగా చెప్పలేను. ఒక పని చెయ్యగలవా? ఒక్క రెండు పొదలకి నూతి నీళ్ళు మానేసి, కుళాయి నీళ్ళు పోసి చూడు. ఎందుకని అడగకు, ఊరికే చూడు.

పోతమ్మని మాత్రం ఏమీ అనొద్దు. ఆవిడ మంచిది. కుండలు అక్కడే ఉండనీ. ఆవిడ ఏమైనా అంటోందా? నా గురించి గానీ, మరి దేని గురించి గానీ?

నీలకంఠం


మల్కాపురం,
5-5-1984.

నీలకంఠానికి,

నీది జాలిగుండె. పోతమ్మని ఏమీ అనొద్దని రెండు ఉత్తరాల్లో రెండుసార్లు రాశావు. తెలిసీ దాస్తున్నావని నాకు అర్థం కాదనుకున్నావా? ఆవిడ ఏమైనా అంటోందా అని ఎందుకు అడిగావో కూడా అర్థమైంది. నువ్వు కనిపెట్టేశావని ఆవిడకి తెలిస్తే బాధపడుతుందని నీ భయం.

కుళాయి నీళ్ళు పొయ్యమన్నావని చెబితే మీ బావ నవ్వారు. కుళాయి వచ్చేది గంట, బిందెలు పట్టేవాళ్ళు వీధి మొత్తం. నూతినిండా నీళ్ళు పెట్టుకుని మొక్కలకి తాగే నీళ్ళు పోస్తే నలుగురూ నన్ను కొడతారు.

పొదలు ఆరింట్లో నాలుగు పోయాయి. మొన్న మంగళవారం పోతమ్మ రాగానే మీ బావ నిలదీశారు. మాటలు నీకు ఉన్నవున్నట్టు రాస్తాను.

"నాను పొయ్యలేదు బాబూ. నా పిల్ల జడకి పూలు ఆ సెట్లే కదా ఇవ్వాలి. ఆటికి నానెందుకు ఉప్పు పోత్తాను?"

"అయితే ఉప్పు ఎక్కణ్నించొచ్చింది? రోజూ ఈ దొడ్లోనే ఉంటావు. నీకు తెలీదా?" అన్నాను నేను.

కొంగు నోట్లో కుక్కుకుంది. "తెల్సునమ్మా," అంది. "సెప్పనేను."

"ఎందుకు చెప్పలేవు?"

"సెప్పనేనమ్మా. నన్నడక్కు."

ఇంకేం కావాలి? చెయ్యని మనిషయితే ఎవరు చేశారో చెబుతుంది. మీ బావ కుండలు తీసి గుమ్మం బయట పెట్టేశారు. ఒకటి జారి పగిలింది. ఆవిడ ఆ చేపలన్నీ ఒక్కొక్కటే ఏరుకుంది. నేను చూస్తూ నిలబడ్డాను. వెళ్ళేటప్పుడు "మరి పిల్ల పెళ్ళికి రావామ్మా?" అని అడిగింది. నేను గుమ్మంలోంచి లోపలికి వచ్చేశాను.

చేసింది సరైనదే అని నువ్వొక్క ముక్క రాస్తే నాకు నిద్ర పడుతుంది.

గౌరి


మల్కాపురం,
1-6-1984.

నీలకంఠానికి,

నెలరోజులుగా నీ దగ్గరనుంచి ఉత్తరం లేదు. ఒంట్లో బాగుందా? బాగుంటే రాయకపోవడానికి కారణం ఏమిటి?

నూకాలు పెళ్ళి అయిపోయింది. నేను వెళ్ళలేదు. ఊరేగింపు మా వీధి చివరినుంచే వెళ్ళింది. మంగాయమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది చూడడానికి. పిల్ల జడలో కాగితప్పూలు కుట్టారు. ఎర్రవీ పచ్చవీ. పోతమ్మ నన్ను చూసి చెయ్యెత్తి పిలిచింది. నేను మంగాయమ్మ వెనక్కి తప్పుకున్నాను. ఇంటికొచ్చి ఏ పనీ చెయ్యలేకపోయాను.

ఒక సంగతి నాకు బోధపడడం లేదు. కుండలు తీసేసి నెల అయింది. ఆ మూల మట్టి కూడా తవ్వి పారబోయించాను. అయినా మిగిలిన రెండు పొదలూ చచ్చిపోయాయి. వంగ పోయింది. ఇప్పుడు బచ్చలి ఆకులు కూడా ముడుచుకుంటున్నాయి. గోడకి అవతల, అదే మూలని ఆనుకుని మంగాయమ్మ సన్నజాజి మాత్రం పందిరంతా అల్లుకుంది. కుండల్లో ఉప్పు గోడ దాటి అటు పోలేదు, దొడ్డంతా దాటి ఇటు వచ్చిందా?

నాకు భయంగా ఉంది తమ్ముడూ. నువ్వు చదువుకున్నవాడివి. నేను ఎవరికి అన్యాయం చేశానో చెప్పు.

గౌరి


భిలాయి,
9-6-1984.

అప్పా,

ఈ ఉత్తరం బావకి కూడా చదివి వినిపించు. నువ్వెవరికీ అన్యాయం చెయ్యలేదు. చేసింది నేను.

ఉప్పు నూతిలో ఉంది. నేను దింపించిన రెండు వరలలో ఉంది.

గజపతినగరం దగ్గర మన ఊళ్ళో నూతిలో నీళ్ళు తగ్గితే ఇంకా లోతు తవ్వేవాళ్ళం. లోతుకెళ్తే ఇంకా తియ్యగా ఉండేవి. చిన్నప్పటినుంచీ చూసింది అదే. సముద్రం పక్క నేల అలాంటిది కాదు. వాన నీళ్ళు తేలిక, పైన తేలుతూ ఉంటాయి, వాటి కింద సముద్రపు నీళ్ళు ఉంటాయి. పైన ఉన్నవి మెల్లగా తోడుకుంటే బతికిపోతాం. లోతు తవ్వి తోడితే కిందివి పైకొస్తాయి. ఇది పుస్తకంలో ఇక్కడికొచ్చాక చదివాను. కాని చదవకముందే నాకు ఒకరు చెప్పారు.

పోతమ్మ చెప్పింది. తవ్వేవాళ్ళు మోకు కడుతున్నప్పుడు వచ్చి, "బాబూ, ఒద్దు. మావు ఇసకలో సేత్తో గోకితే తియ్యటి నీల్లు. నిలువెత్తు తవ్వినావంటే ఉప్పే" అంది. పనివాళ్ళ ముందు నేను నవ్వాను. "నువ్వు చేపల సంగతి చూసుకో" అన్నాను. ఆవిడ కూడా నవ్వేసి ఊరుకుంది.

వరలు దిగాక మొదటి చేద నేనే లాగాను. నువ్వు వంటింట్లో ఉన్నావు, బావ పోర్టుకి వెళ్ళారు. పోతమ్మ దోసిలి పట్టి కొంచెం నోట్లో పోసుకుని ఉమ్మేసింది. "ఉప్పు తగిల్నాది బాబూ" అంది. నేనూ పుక్కిలించాను. తగిలింది. ఎక్కువ కాదు, కాని తగిలింది.

బావ వద్దంటున్నా వినకుండా తవ్వించినవాణ్ణి. నువ్వేమో వీధిలో అందరికీ చెప్పేశావు. మర్నాడే నా ప్రయాణం. ఉప్పు అని తెలిస్తే బావ ఏమంటారో అన్న ఒక్క సిగ్గుకి, నాలుగు రోజులు తోడితే పోతుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పోతమ్మతో అప్పకి చెప్పొద్దన్నాను. "సెప్పనులే" అంది. నాకు నమ్మకం చాలలేదు. నూకాలు మీద ఒట్టు వెయ్యమన్నాను. అప్పా, పెళ్ళి కాబోయే పిల్ల మీద ఒట్టు వేయించుకున్నాను. ఆవిడ వేసింది.

అందుకే చెప్పలేనంది. చెబితే పిల్లకి తగులుతుందని.

నీ మొదటి ఉత్తరం చూసినప్పుడే నాకు తెలుసు. తెలిసీ ఉప్పు గురించి పాఠం రాశాను, ఆ పాఠంలో ఆవిడ కుండల మాట ఎత్తాను. ఊరికే అడిగానని రాశాను చూడు, అది అబద్ధం. నీ చూపు నూతి మీద పడకుండా ఉండాలని రాశాను. నీళ్ళు ఎక్కువ పొయ్యమన్నానే, ఏ నీళ్ళో రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు అరచేతులు కాయలు కాసేలా ఉప్పు తోడి పోశావు. కుళాయి నీళ్ళు పొయ్యమన్నప్పుడయినా నువ్వే కనిపెడతావని ఆశపడ్డాను. నేను చెప్పకుండా నీకే తెలిస్తే బాగుండునని చూశాను. అంత పిరికివాణ్ణి.

కుండలు బయట పెట్టారన్న ఉత్తరం చదివి మూడుసార్లు జవాబు రాసి చింపేశాను. పెళ్ళికి ముందే అది నీకు చేరి ఉంటే నువ్వు వెళ్ళి ఉండేదానివి. అది తలుచుకుంటే నాకు అన్నం ముద్ద లోపలికి పోవడం లేదు. ఆవిడ మొహం, నువ్వు మంగాయమ్మ వెనక్కి తప్పుకోవడం, చూడకపోయినా చూసినట్టే ఉంది. నేను ఏం చేసినా ఈ తప్పు తీరదు. నన్ను నువ్వు ఎన్ని తిట్టినా పడతాను.

వెంటనే పోతమ్మ ఇంటికి వెళ్ళు. ఈ ఉత్తరం చదివి వినిపించు. నా తరఫున క్షమించమని అడుగు.

నీలకంఠం


మల్కాపురం,
23-6-1984.

నీలకంఠానికి,

నిన్ను తిట్టాలనే కాగితం తీశాను. తిట్లు తరవాత. ముందు జరిగింది రాస్తాను.

నీ ఉత్తరం చదివి నూతి దగ్గరికెళ్ళి పుక్కిలించాను. నాలుగు నెలలుగా వాటితోనే స్నానం చేస్తూ, బట్టలుతుకుతూ, ఒక్కసారి నోట్లో పోసుకుని చూడలేదు. నువ్వు తవ్వించిన నుయ్యి కదా, తప్పు అందులో ఉంటుందని నాకు తోచనే లేదు. సబ్బుని తిట్టాను, షాపువాణ్ణి తిట్టాను, ఎనిమిదేళ్ళ స్నేహితురాలిని గెంటాను. నువ్వు కుండల మాట ఎత్తావు నిజమే. కాని ఆ పగిలిన కుండ ముందు నిలబడి, చెయ్యి సాయం చెయ్యకుండా చూసింది నేను. అందులో నీకు వాటా ఇవ్వను.

మీ బావ ఉత్తరం విని లేచి చొక్కా వేసుకున్నారు. నిన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మనుషుల్ని తెచ్చి నూతిలోకి ఇసకా బంకమన్నూ పోయించి ఆ రెండు వరలూ పూడ్పించేశారు.

మేమిద్దరం పోతమ్మ ఇంటికి వెళ్ళాం. ఈ ఎనిమిదేళ్ళలో ఆవిడ మా ఇంటికి రావడమే గాని నేను ఆ గడప తొక్కడం అదే మొదలు. అల్లుడు చేపల వేటకి వెళ్ళాడు, నూకాలు బయట దూరంగా పడవ నీడన కూర్చుని వల బాగుచేస్తోంది. పోతమ్మ నన్ను చూసి గబగబా చాప పరిచింది. మీ బావ నిలబడే, "తప్పయిపోనాది పోతమ్మా" అన్నారు. ఆయన ఎవరితోనూ అలా అనగా నేను వినలేదు.

బయట పిల్లకి వినపడకుండా గొంతు తగ్గించి నీ ఉత్తరం మొదటినుంచీ చదివాను. ఒట్టు మాట దగ్గరికి వచ్చేసరికి కాగితం మీ బావకి ఇచ్చేశాను. మిగతాది ఆయన చదివారు. ఆవిడ మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని వింది. ఒక్క ముక్కకీ అవుననలేదు, కాదనలేదు. అంతా అయ్యాక, "పోతమ్మా, అన్నీ మాకు తెలిసిపోయాయి. ఇంక ఒక్క మాట మాట్లాడు. కనీసం నన్ను తిట్టు" అన్నాను.

ఆవిడ నూకాలు వైపు చూసింది. పిల్లకి వినపడకుండా నా చెవి దగ్గరికి వచ్చి అడిగింది.

"ఆ బాబు ఒట్టు తీసీసినానని రాసినాడామ్మా?"

ఉత్తరం మళ్ళీ విప్పాను. రెండు పక్కలా వెతికాను. అంచుల్లో రాసిందేమైనా ఉందేమో అని కూడా చూశాను. నీ సిగ్గు గురించి రాశావు, నీ పిరికితనం గురించి రాశావు, నీకు అన్నం ముద్ద దిగకపోవడం గురించి రాశావు. ఆ ఒట్టు తీసేస్తున్నానని మాత్రం ఎక్కడా రాయలేదు.

లేదని చెప్పాను. ఆవిడ తల ఊపింది. "అయితే నానేటీ సెప్పనేనమ్మా. నీకు తెల్సినా సెప్పనేను. నోటితో ఏయించుకున్నోడు నోటితోనే తియ్యాల" అంది. మాకు మజ్జిగ ఇచ్చింది. నువ్వు ఎలా ఉన్నావని అడిగింది.

రోజూ పొద్దున లేవగానే ఆవిడ ముందు పిల్ల మొహం చూస్తోందట. జ్వరం వచ్చిందా, దగ్గు వచ్చిందా అని. అల్లుడు పడవెక్కితే తిరిగొచ్చేదాకా ఒడ్డునే కూర్చుంటోందట. మేము వచ్చేస్తుంటే నూకాలే నాతో చెప్పి, "మాయమ్మకి ఏటైనాదో తెలీడం లేదు పిన్నీ" అని ఏడ్చింది. నేను ఆ పిల్లకి ఏం చెప్పను?

ఇంక ఉత్తరాలు రాయకు. సెలవివ్వకపోతే ఇవ్వకపోయారు, రైలెక్కు.

గౌరి